మీ ప్రశ్నలు, మా జవాబులు: సమాధుల పండగ ముందు వచ్చిన ఉత్తరాలు

చనిపోయినవారిని తలచుకునే సమాధుల పండగ, అంటే నవంబరు 2, దగ్గరపడేకొద్దీ ఉత్తరాలన్నీ చావు చుట్టూ తిరుగుతాయి. ఈ శీర్షికను అన్ని సంఘాలవాళ్లూ చదువుతారు కాబట్టి, బోధలు విడిపోయేచోట విడివిడిగానే చెప్పాం.

ప్రశ్న: మేం మూడు తరాలుగా లూథరన్లం. అత్తగారి పుట్టింటివాళ్లు కతోలికులు. ఏటా మామగారి సమాధికి సున్నం వేసి, బంతిపూలు, కొవ్వొత్తులు పెడతాం. ఈసారి ఆయన ఆత్మ కోసం ప్రార్థన కూడా చేయిద్దామని అత్తగారు అంటున్నారు. పాస్టరుగారు వద్దంటున్నారు. ఏం చేయాలి?
(ఒక సోదరి, కొత్తపేట, గుంటూరు)

జవాబు: సున్నం, పూలు, కొవ్వొత్తులు ప్రేమతో చేసేవి. వాటితో పేచీ లేదు. చిక్కంతా ప్రార్థన దగ్గరే.

దైవకృపలో చనిపోయినా ఇంకా పూర్తిగా శుద్ధి కానివారు మోక్షానికి ముందు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతారనీ, మన ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యబలిపూజ (గుడిలో గురువు అర్పించే పూజ), వారికి తోడ్పడతాయనీ కతోలిక బోధ. అది రెండో అవకాశం కాదు. కృపను కాదని పోయినవాడికి అక్కడ చోటు లేదు. కతోలికుల్లోనే చాలామంది ఇక్కడ పొరబడతారు. దీనికి చూపే వచనం మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది: యుద్ధంలో పడిపోయినవాళ్ల పాపపరిహార బలి కోసం యూదుల సేనాని యూదా 2,000 వెండి ద్రాక్మాలు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. ఆ గ్రంథం కతోలికుల 73 పుస్తకాల బైబిల్లో ఉంది, మీ 66 పుస్తకాల్లో లేదు. సగం తగాదా అక్కడే పుట్టింది.

లూథరన్ల మాట వేరు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 4వ అంశం ప్రకారం మనిషి నీతిమంతుడయ్యేది క్రీస్తు నిమిత్తం, విశ్వాసం ద్వారా, ఉచితంగా. పోయాక తీర్చాల్సిన బాకీ మిగలదు. అయితే మీ పాస్టరుగారికి ఒక మాట గుర్తుచేయండి. ఆ ప్రకటనను సమర్థిస్తూ 1531లో సంస్కర్త లూథర్ సహచరుడు మెలాంక్‌తన్ రాసిన గ్రంథంలో, చనిపోయినవారి కోసం ప్రార్థించడాన్ని మేము నిషేధించడం లేదని ఉంది. వాళ్లు కాదన్నది చనిపోయినవారి పేర పూజను బలిగా అర్పించడాన్ని. లూథర్ కూడా 1528లో ఇంట్లో ఒకటి రెండుసార్లు అలా ప్రార్థించుకుని, అక్కడితో దేవునికి వదిలేయమన్నాడు.

కాబట్టి అత్తగారిని వాళ్ల విచారణలో, అంటే కతోలిక గుడి పరిధిలో, పూజ చెప్పించుకోనివ్వండి. మీరు సమాధి దగ్గర 1 థెస్సలొనీక 4:13-18 చదివి, మామగారి జీవితానికి దేవునికి కృతజ్ఞత చెప్పండి. పోయినవాళ్లను పిలిచి మాట్లాడించడం, సలహా అడగడం మాత్రం రెండు సంఘాలూ ఒప్పుకోవు. ద్వితీయోపదేశకాండము 18:11 చూడండి.

ప్రశ్న: నాన్నగారు పోయి నాలుగు నెలలైంది. పరదైసులో (చనిపోయిన విశ్వాసులు ఉండే సుఖస్థలంలో) ఉన్నారని మేము నమ్ముతున్నాం. పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారని అడ్వెంటిస్టు మిత్రుడు అంటాడు. 'నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను, నేడు నీవు నాతో పరదైసులో ఉంటావు' అని సిలువమీద యేసు పక్కనున్న దొంగతో అన్న లూకా 23:43లో కామా తప్పుచోట పడిందట, 'నేడు' తర్వాత ఉండాలట.
(ఒక పాఠకుడు, పటమట, విజయవాడ)

జవాబు: తొలి గ్రీకు ప్రతుల్లో కామాలు లేవు. అంతవరకు ఆయన మాట నిజమే. కానీ 'నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను' అనేది యేసు నోట పదేపదే వచ్చే మాట. సువార్తల్లో ఇంకెక్కడా 'నేడు' ఆ మాటకు అతకలేదు, తర్వాతి వాక్యానికే చెందింది. మన తెలుగు బైబిల్లో 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని' అని ఉంది, జరపడానికి కామాయే లేదు! మీ మిత్రుడికున్న గట్టి వచనాలు వేరే ఉన్నాయి: చచ్చినవారు ఏమీ ఎరుగరనే ప్రసంగి 9:5, చనిపోయిన లాజరును నిద్రించాడని యేసు అన్న యోహాను 11:11. అయినా 'వెడలిపోయి క్రీస్తుతోకూడ నుండవలెనని' పౌలు ఆశపడ్డ ఫిలిప్పీ 1:23 మాకు బరువుగా కనిపిస్తుంది. వెడలిపోయాక ఏమీ తెలియని నిద్రే అయితే, బతకడం కన్నా అది 'మరి మేలు' ఎలా అవుతుంది?

మీరూ ఒకటి సరిచూసుకోవాలి. పరదైసు ఆఖరి మజిలీ కాదు. 1 కొరింథీ 15 ఆసాంతం చెప్పేది శరీరం తిరిగి లేవడం గురించి. మన భూస్థాపన ప్రసంగాల్లో ఆ సంగతి దాదాపు వినబడదు.

ప్రశ్న: మా అబ్బాయికి కిడ్నీ జబ్బు. ఏ పాపం దాచారో ఒప్పుకోమని కూటంలో ఒత్తిడి చేస్తున్నారు. యాకోబు 5:15 చూపిస్తున్నారు.
(ఒక తల్లి, మంగళగిరి)

జవాబు: ఆ వచనంలోనే 'పాపములు చేసినవాడైతే' అని ఉంది. 'అయితే' అన్న మాటను మింగేసి చదువుతున్నారు. పుట్టుగుడ్డివాడి విషయంలో వాడైనా వాడి కన్నవారైనా పాపం చేయలేదని యేసు తేల్చేశాడు (యోహాను 9:3). సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్ల కన్నా అపరాధులు కారనీ చెప్పాడు (లూకా 13:4). డయాలసిస్ మానిపించే ప్రార్థన ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

ప్రశ్న: అన్నయ్యను దహనం చేశాం. వదిన పుట్టింటివాళ్లు హిందువులు, అస్థికలు కృష్ణలో కలుపుదామంటున్నారు. కలిపితే పునరుత్థానానికి అడ్డమా? మేం కతోలికులం.
(ఒక సోదరుడు, గుణదల)

జవాబు: అడ్డం కాదు. సౌలునూ అతని కుమారులనూ కాల్చి, ఎముకలు పాతిపెట్టారు (1 సమూయేలు 31:12-13). మట్టిలో కలిసినా నీటిలో కలిసినా లేపేవాడు ఒక్కడే.

కానీ మీ సంఘానికి నియమం ఉంది. దహనానికి 1963లో అనుమతి వచ్చింది. అస్థికలను గాలిలో, నేలమీద, నీటిలో చల్లకూడదని, సమాధుల తోటలాంటి పవిత్ర స్థలంలో ఉంచాలని 2016లో వాటికన్ స్పష్టం చేసింది. మనిషి ప్రకృతిలో కరిగిపోయి మాయమవుతాడన్న అర్థం రాకూడదనీ, తర్వాతి తరాలు ప్రార్థించడానికి ఒక చోటు మిగలాలనీ దాని ఉద్దేశం. కుటుంబ సమాధి ఉంటే కుండతో సహా అందులోనే పెట్టొచ్చు. ముందు విచారణ గురువుతో మాట్లాడండి, తర్వాత వదినగారి వాళ్లతో. ఈ వరస తప్పితే గొడవ మీ ఇంట్లోనే అవుతుంది.

ప్రశ్న: 'ఏ తేదీన రక్షణ పొందావు (క్రీస్తును నమ్మి మారుమనస్సు పొందావు)?' అని అడుగుతున్నారు. నాకు తేదీ లేదు. పుట్టిందే విశ్వాసుల ఇంట్లో.
(ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: కొత్త నిబంధనలో రక్షణ మూడు కాలాల్లోనూ ఉంది: 'రక్షింపబడియున్నారు' (ఎఫెసీ 2:8), 'రక్షింపబడుచున్న మనకు' (1 కొరింథీ 1:18), 'రక్షింపబడుదుము' (రోమా 5:9). తేదీ అడిగేవాళ్లు మొదటిదాన్నే పట్టుకున్నారు. యేసు దర్శనమిచ్చి మార్చిన పౌలుకు దమస్కు దారిలో ఒక రోజు ఉంది. ఆయన శిష్యుడు తిమోతికి లేదు: అవ్వ లోయి, తల్లి యునీకే, బాల్యం నుంచి లేఖనాలు (2 తిమోతి 1:5, 3:15). ఇప్పుడు ఎవరిని నమ్ముకున్నావని అడిగితే జవాబు చెప్పగలిగితే చాలు. అలాగని పుట్టుకతోనే క్రైస్తవురాలినని ఊరుకోవడానికీ లేదు.

ప్రశ్న: నెలలు నిండని మనవరాలు ఐసీయూలో ఉంది. పాస్టరుగారు వచ్చేలోగా మేమే బాప్తిస్మం ఇవ్వొచ్చా? ఇవ్వకుండా పోతే నరకమేనా?
(ఒక నాయనమ్మ, తెనాలి)

జవాబు: నరకం కాదమ్మా, ముందు ఆ భయం వదలండి. మార్కు 16:16 రెండో సగంలో శిక్ష 'నమ్మనివానికి' అని ఉంది, బాప్తిస్మం పొందనివాడికని లేదు. బాప్తిస్మం లేకుండా పోయిన పసివాళ్ల రక్షణ గురించి ఆశపడటానికి గట్టి ఆధారాలున్నాయని కతోలిక వేదాంత సంఘం కూడా 2007లో రాసింది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు, ప్రార్థించి ప్రభువుకు అప్పగిస్తారు.

మీరు లూథరన్లో కతోలికులో అయితే, ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వొచ్చు. నర్సమ్మను అడిగి, ఆవిడ ఇచ్చిన స్టెరైల్ నీళ్లే వాడండి. ఒక చెంచాడు చాలు. పెట్టెలో (ఇంక్యుబేటరులో) ఉన్న బిడ్డయితే సిరంజితో కొన్ని చుక్కలు, అదీ నర్సమ్మ చేయి కిందే. బిడ్డను పేరుపెట్టి పిలిచి, 'తండ్రియొక్కయు, కుమారునియొక్కయు, పరిశుద్ధాత్మయొక్కయు నామములో నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను' అంటూ నుదుటిమీద మూడుసార్లు పోయండి. నీళ్లు పోసేదీ మాట అనేదీ ఒక్కరే కావాలి. కంగారులో ఒకరు పోస్తుంటే ఇంకొకరు చదువుతారు, అది చెల్లదు. నూనె, పాలు కూడా చెల్లవు. తడి దూదితో అద్దితే నీరు పారినట్టు కాదు, తర్వాత అనుమానం మిగులుతుంది.

ప్రాణం పోయాక మాత్రం బాప్తిస్మం ఇవ్వరు, ప్రార్థించి పేరుతో భూస్థాపన చేస్తారు. బిడ్డ తేరుకుని ఇంటికొస్తే మళ్లీ నీళ్లు పోయరు, మిగిలిన క్రమం గుడిలో పూర్తిచేస్తారు. తేదీ, సమయం, ఇచ్చినవారి పేరు, సాక్షి పేరు అప్పుడే ఒక కాగితం మీద రాసి ఉంచండి, గుడి రిజిస్టరులో ఎక్కించడానికి అడుగుతారు.