కొత్త సర్వర్ కొనేముందు పాత బ్యాకప్ తెరిచి చూడండి

ప్రశ్న ఇది: "నిధులు అంతంతమాత్రంగా ఉన్న ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ వ్యవస్థను ఆధునికీకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్త సర్వర్ కొనాలా, క్లౌడ్‌కు (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లకు) వెళ్లాలా?"

రెండూ తర్వాత. ముందు మీ బ్యాకప్‌లోంచి ఒక్క ఫైలు వెనక్కి తీసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూడండి. అది తెరుచుకుంటే అప్పుడు సర్వర్ సంగతి మాట్లాడుకుందాం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 9 ఏళ్లు కంప్యూటర్ల పని చూశాను. అక్కడ నేర్చుకున్నదాంట్లో సగం ఒక్క సోమవారం పొద్దున నేర్చుకున్నదే.

అప్పటికి చేరి నాలుగు నెలలు. ఎనిమిదింటికి ఓపీ కౌంటర్లు తెరుస్తారు. ఎనిమిదీ పదికి ఫోన్: "సార్, నంబరు కొడితే తిరుగుతూనే ఉంది, ఏమీ రావట్లేదు." మా సర్వర్ గది మెట్ల కింద ఉండేది. తలుపు తీయగానే కీచుమని మోత. ఆ మోత నేను చేరిన రోజు నుంచీ వింటున్నదే. "యూపీఎస్ బ్యాటరీ పోయింది, అదలాగే అరుస్తుంటుంది" అని మొదటి రోజే చెప్పారు. నేనూ నమ్మాను. ఆ పొద్దున దగ్గరకెళ్లి చెవి పెట్టి వింటే తెలిసింది, అరుస్తున్నది సర్వర్‌లోని రెయిడ్ కార్డు. ఒకే సమాచారం రెండు డిస్కుల్లో ఉండేలా పెట్టిన ఏర్పాటు అది. వాటిలో ఒక డిస్కు ఎప్పుడో పోయింది. ఇన్నాళ్లూ రెండోదాని మీదే బండి నడిచింది. ఆ రోజు అదీ పోయింది.

బ్యాకప్ ఉంది కదా అనుకున్నాను. రోజూ రాత్రి రెండింటికి బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ అయ్యేలా ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్లారు. తగిలించి చూస్తే చివరి ఫైలు తేదీ ఏడు నెలల కిందటిది. డిస్కు నిండిపోయింది. చోటు లేదు, చోటు లేదు అని ప్రతి రాత్రీ లాగ్ ఫైల్లో రాసుకుంటూనే ఉంది. ఆ ఫైలు తెరిచి చూసినవాళ్లు లేరు. నేనూ చూడలేదు.

బయటికొచ్చేసరికి వరుస మెట్ల దాకా పెరిగింది. ఒక పెద్దావిడ మడత పెట్టిన చీటీ విప్పి, "బాబూ, నా నంబరు ఇందులో ఉంది, పోయినసారి షుగరు ఎంతుందో కాస్త చూసి చెప్పు" అంది. చీటీ మీద తేదీ మూడు నెలల కిందటిది. ఆవిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ చీటీ మడతలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

మమ్మల్ని ఆదుకున్నది ల్యాబ్‌లో ఒక సీనియర్ టెక్నీషియన్ గారు. కంప్యూటర్ వచ్చాక కూడా ప్రతి రిపోర్టునూ ఆవిడ చేత్తో రిజిస్టర్లో ఎక్కించేవారు. "ఒకే పని రెండుసార్లు ఎందుకమ్మా" అని పైవాళ్లు ఎన్నిసార్లు అన్నా మానలేదు. ఆ రిజిస్టర్లు ముందేసుకుని నలుగురం 23 రోజులు టైపు చేశాం. ల్యాబ్ వివరాలు తిరిగొచ్చాయి. డాక్టర్లు నేరుగా కంప్యూటర్లో ఎక్కించిన మందుల వివరాలు, ఏడు నెలలవి, మళ్లీ రాలేదు.

తర్వాత వారమే కొత్త సర్వర్‌కు అంచనా వేసి పంపమన్నారు. పంపాను, కానీ మీకు ఒక్కటే చెబుతాను: అంతకు పదింతలు ఖరీదైన సర్వర్ ఉన్నా ఆ సోమవారం వచ్చి తీరేది. మోత విని ఇదేమిటని చూసేవాళ్లు లేనప్పుడు సర్వర్ ఖరీదుతో పనేముంది?

ఇది మా ఒక్క ఆసుపత్రి కథ కాదు. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై అనే వైరస్ బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులను పట్టుకుంది. 19,000కు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడివాళ్లే అంచనా వేశారు. పాత విండోస్ ఎక్స్‌పీ వల్లే జరిగిందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 కంప్యూటర్లు. వాటికి కావాల్సిన ప్యాచ్‌ను, అంటే ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాన్ని వేయడానికి డబ్బు అక్కర్లేదు, వేసే మనిషి కావాలి.

నిధుల దగ్గరే నాకు పెద్ద కోపం. కొనడానికి ఒక పద్దు ఉంటుంది, బాగుచేయడానికి ఉండదు. 40 కంప్యూటర్లు మంజూరవుతాయి, నాలుగు హార్డ్‌డిస్కులు కావు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చు పెట్టాలని ఎవరికీ అక్కర్లేని ప్రింటర్లు వస్తాయి, వాటికి టోనర్ రాదు. ఇక సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాళ్లు డేటాబేస్ పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకుంటారు. మా సమాచారం మాకివ్వమని మేమే ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఒప్పందం రాసేనాడే "అడిగిన రోజు మొత్తం సమాచారాన్ని మామూలు ఫార్మాట్‌లో ఇవ్వాలి" అన్న వాక్యం పెట్టించండి. తర్వాత బతిమాలుకున్నా ఇవ్వరు.

మేం నిజంగా చేసినవి చిన్న పనులే. పక్కన పడేసిన ఒక పీసీలో రెండు కొత్త డిస్కులు వేసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించి బ్యాకప్‌కు పెట్టాం. ఇంకో కాపీ వేరే భవనంలో ఉంచాం. బ్యాకప్ ఆగితే పొద్దున నా ఫోన్‌కు సందేశం వచ్చేలా చేశాను. మంజూరైన కొద్ది డబ్బుతో కౌంటర్ కంప్యూటర్లకు ఎస్ఎస్‌డీలు, అంటే తిరిగే భాగాల్లేని డిస్కులు, వేశాం. తిరిగే హార్డ్‌డిస్కు సెకనుకు వంద చోట్ల నుంచి చదివితే గొప్ప, ఎస్ఎస్‌డీ వేల చోట్ల నుంచి చదువుతుంది. కౌంటర్లో వాళ్లు కొత్త కంప్యూటర్లు వచ్చాయనే అనుకున్నారు.

ఎక్స్‌రే గదిలో ఫొటోలు తెరుచుకోవడానికి యుగాలు పడుతుంటే సర్వర్ చాలట్లేదన్నారు. చూస్తే కేబుల్ చివర ఒక తీగ తెగి ఉంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. అందుకే లైను పూర్తిగా ఆగకుండా నెమ్మదించింది. కొత్త కనెక్టర్ నొక్కితే సరిపోయింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కంప్యూటర్లో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలని అడుగుతుంది కాబట్టి, బాగా నడిచే కంప్యూటర్లెన్నో పక్కకు పోతున్నాయి. బ్రౌజర్లోనే పని జరిగే చోట వాటికి లైనక్స్ వేయండి, ఏమీ కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ లైనక్స్‌కు మారి, 2017లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది కదా అని ఎవరో ఒకరు అంటారు. వాళ్లకు ఫ్రాన్స్‌లోని జాందార్మరీ అనే పోలీసు దళాన్ని చూపించండి. ముందు ఆఫీసు సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ మార్చారు. సిబ్బంది చేతులు అలవాటుపడ్డాక, 2008 నుంచి ఉబుంటు అనే లైనక్స్ రకానికి మారడం మొదలుపెట్టారు. ఆ వరుస ముఖ్యం.

క్లౌడ్ గురించి అడిగారు. వెళ్లొచ్చు. కానీ నెలనెలా బిల్లు కట్టే పద్దు ఉందా, ఇంటర్నెట్ లైను పోయిన పూట కౌంటర్లో ఏం చేస్తారు, ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాకే వెళ్లండి. అక్కడికెళ్లినా బ్యాకప్ పని మీదే.

ఆ ల్యాబ్ టెక్నీషియన్ గారు రిటైరయ్యే రోజు దాకా రిజిస్టర్ రాశారు. వద్దని నేను ఏనాడూ అనలేదు. ప్రతి నెలా మొదటి శనివారం ఆవిడ రిజిస్టర్లోంచి పది నంబర్లు ఎంచి ఇచ్చేవారు. నేను బ్యాకప్‌ను వేరే పీసీలోకి తిరిగి ఎక్కించి ఆ నంబర్లు తెరిచేవాణ్ని. ఆవిడ వేలు పెట్టి ఒక్కో అంకె చదువుతుంటే ఇద్దరం కూర్చుని సరిచూసుకునేవాళ్లం.