చెన్నైలో పగలు పొడవైనది జూన్ 21న అయితే, ఎండ మే చివరనే ఎందుకు ముదురుతుంది?

నగరంలోని నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. అది 2003 మే 31న, అంటే రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పే రోహిణి కార్తెలోనే నమోదైంది. ఆ తేదీకీ జూన్ 21కీ పగటి నిడివిలో తేడా మూడు నాలుగు నిమిషాలే. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఈ నగరంలో అతి పొడవైన పగలు సైతం 13 గంటలకు కొంత తక్కువే.

కాబట్టి కారణాన్ని పగటి పొడవులో కాక గాలిలో వెతకాలి. మామూలుగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఒడ్డు దాటి వచ్చి వేడిని అణచివేస్తుంది. పడమటి నుంచి పొడిగాలి బలంగా వీచిన రోజున మాత్రం ఆ సముద్రపు గాలి ఆలస్యమై, తీరానికి దూరంగా లోపలికి ఉన్న మీనంబాక్కం విమానాశ్రయ ప్రాంతానికి ఇంకా ఆలస్యంగా చేరుతుంది, ఈలోగా ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిపోతుంది.

జూన్ తరువాత మేఘాలూ సాయంకాలపు ఉరుముల వానలూ పెరుగుతాయి. అందుకే ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి నడినెత్తికి వచ్చిన సూర్యుడు ఆగస్టు 18 ప్రాంతంలో మళ్లీ అక్కడికే వచ్చినా, మే నాటి తీవ్రత అప్పుడు కనిపించదు.