డిటెక్టివ్ కథలోకి దెయ్యం వస్తే

ప్రశ్న: డిటెక్టివ్ సినిమాలో మంత్రాలు, దెయ్యాలు పెడితే సస్పెన్స్ చచ్చిపోదా అండీ? ఏ చిక్కుముడైనా మాయతో విప్పేయొచ్చు కదా! – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాయతో విప్పేస్తే చచ్చిపోతుందమ్మా, నిజమే. కానీ 1987లో అలన్ పార్కర్ తీసిన ‘ఏంజెల్ హార్ట్’ చూడండి. కథ 1955లో న్యూయార్క్‌లో మొదలవుతుంది. కనిపించకుండా పోయిన ఒక గాయకుణ్ణి వెతికే పని డిటెక్టివ్ హ్యారీ ఏంజెల్‌ది. ఊరూరా తిరిగి, అడిగినవాళ్లనే మళ్లీ అడిగి, దెబ్బలు తిని న్యూ ఆర్లియన్స్ ఊడూ పూజల (ఆఫ్రికా మూలాలున్న మంత్రతంత్రాల ఆచారం) దాకా వెళతాడు. ఏ మంత్రమూ అతనికి సాయం చెయ్యదు. పట్టు అంతా అక్కడే ఉంది.

ఆ కేసు అప్పగించిన పెద్దమనిషిగా వేసింది నటుడు రాబర్ట్ డి నీరో. ఒక సీన్‌లో పొడవాటి గోళ్లతో ఉడికించిన గుడ్డు పెంకు నింపాదిగా ఒలుస్తాడు. కొన్ని మతాల్లో గుడ్డు ఆత్మకు గుర్తంటూ దాన్ని కొరుకుతాడు. అంతే! గ్రాఫిక్స్ లేవు, కేకలు లేవు. ఆ పెంకు చిట్లుతుంటే నాకు వెన్నులో వణుకు పుట్టింది. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను, ఆ సీన్ దగ్గర టెన్షన్ తగ్గలేదు.

పిల్లలు పడుకున్నాక చూడండి, రక్తపాతం ఎక్కువే. ముగింపు మాత్రం ఎవరినీ అడగొద్దు.