టెక్ సందేహాలు: క్యాలిక్యులస్ హోంవర్క్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ప్రశ్న: బీటెక్ ఫస్టియర్ చదువుతున్నాను. ఇంటిగ్రేషన్ లెక్కలు చేసి వుల్ఫ్రామ్ ఆల్ఫాలో సరిచూసుకుంటే చాలాసార్లు వేరే జవాబు వస్తోంది. పూర్తి స్టెప్పులు కావాలంటే డబ్బు కట్టమంటోంది. ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది. ఇంటర్నల్స్ దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. ఉచితంగా దొరికేవి ఏమైనా చెప్పండి.
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: జవాబు వేరేగా ఉందని మీ లెక్క అప్పుడే కొట్టేయకండి. సైన్ ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చేయాలనుకోండి. సైన్ ఎక్స్‌ని టీ అనుకుని చేస్తే సైన్ స్క్వేర్ ఎక్స్ బై 2 వస్తుంది. కాస్ ఎక్స్‌ని టీ అనుకుంటే మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై 2. సైన్ 2ఎక్స్ ఫార్ములాతో వెళ్తే మైనస్ కాస్ 2ఎక్స్ బై 4. మూడూ కరెక్టే. వాటి మధ్య తేడా అరో, పావో అంతే, అది చివర రాసే ప్లస్ సీలో కలిసిపోతుంది.

అందుకే రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం మానేసి, మీ జవాబునే డిఫరెన్షియేట్ చేయించండి. వచ్చినదాంట్లోంచి ప్రశ్నలో ఇచ్చిన ఫంక్షన్‌ని తీసేసి సింప్లిఫై చేయమనండి. సున్నా వస్తే మీ లెక్క కరెక్టు. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్‌తో చేయించుకోవాల్సిన అసలు పని ఇదే, ఎందుకంటే లెక్క మొత్తం మీ చేతి మీదే జరుగుతుంది. ఫోన్‌లో అయితే జియోజీబ్రా వాళ్ల క్యాస్ (అంకెలతోనే కాక ఎక్స్ లాంటి అక్షరాలతోనూ లెక్క చేసే) కాలిక్యులేటర్ యాప్ ఇందుకు సరిపోతుంది, ఉచితం. పైథాన్ కొంచెం వచ్చుంటే బ్రౌజర్‌లో గూగుల్ కోల్యాబ్ తెరిచి ఇలాంటి లెక్కలే చేసిపెట్టే సింపై లైబ్రరీ వాడుకోవచ్చు.

స్టెప్పుల కోసం ఇంటిగ్రల్ కాలిక్యులేటర్ అనే వెబ్‌సైట్ చూడండి, డబ్బు కట్టక్కర్లేదు. దాని వెనక పనిచేసేది మ్యాక్సిమా (Maxima) అనే ప్రోగ్రామ్. 1960ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన మ్యాక్సిమా (Macsyma) అనే ప్రోగ్రామ్‌కి ఇది వారసురాలు, పలకడం ఒకటే అయినా ఇంగ్లిష్‌లో రెండింటి స్పెల్లింగులూ వేరు. ల్యాప్‌టాప్ కొన్నాక ఈ మ్యాక్సిమా (Maxima)ని నేరుగా దించుకోవచ్చు. అయితే సైట్ చూపించే పద్ధతి మీ లెక్చరర్ చెప్పిన పద్ధతే అయ్యుండాలని లేదు.

లిమిట్స్ ఉన్న లెక్కల్లో ముందు గ్రాఫ్ గీయించండి, డెస్మాస్ చాలు. 1 బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేయమన్నారనుకోండి. ఫార్ములాలో లిమిట్స్ పెట్టేస్తే మైనస్ 2 వస్తుంది. గ్రాఫ్ చూస్తే మొత్తం ఎక్స్ యాక్సిస్ పైనే ఉంటుంది, మరి నెగెటివ్ ఎలా వస్తుంది? సున్నా దగ్గర గ్రాఫ్ ఆకాశానికి ఎగబాకింది కాబట్టి ఈ ఇంటిగ్రల్ డైవర్జ్ అవుతుంది, అంటే దానికి పరిమితమైన విలువ లేదు. కాగితం మీద ఈ పొరపాటు కంటికి ఆనదు.

‘e’ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌ని ఇంటిగ్రేట్ చేయమని ఇస్తే ‘ఎర్ఫ్’ అని ఏదో వస్తుంది, కంగారు పడకండి. మనకు తెలిసిన ఫంక్షన్లతో దానికి జవాబు రాయలేం, అందుకే దానికో పేరు పెట్టుకున్నారు. అదే సున్నా నుంచి ఇన్ఫినిటీ వరకు అయితే జవాబు రూట్ పైలో సగం. గామా ఫంక్షన్ పాఠంలో మీరు చేసేది ఇదే.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందేమో కూడా చూసుకోండి. సైన్ 0.001 బై 0.001 దాదాపు 1 రావాలి, డిగ్రీల్లో ఉంటే 0.01745 వస్తుంది. ఇక బ్రాకెట్లు. 1/2ఎక్స్ అని టైప్ చేస్తే చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని సగం ఎక్స్‌గా తీసుకుంటాయి. 2ఎక్స్ మొత్తం కింద ఉండాలంటే 1/(2ఎక్స్) అని కొట్టాలి. మీకు జవాబు తేడా వచ్చిన లెక్కల్ని ముందు ఇలా మళ్లీ టైప్ చేసి చూడండి.