మాది మైక్‌సెట్ షాపు, నన్నడగండి

కొత్త మాటలూ పాత పాటలూ జనం నోట్లో ఎలా నాటుకుంటాయి, ఎవరు తెస్తారు అన్నది ప్రశ్న. ఎవర్నడిగినా కవుల పేర్లో సినిమావాళ్ళ పేర్లో చెబుతారు. నా జవాబు వేరు. మైక్‌సెట్టువాళ్ళు తెస్తారు.

మా నాన్నది తణుకు దగ్గర పల్లెటూళ్ళో మైక్‌సెట్ షాపు. రెండు గొట్టాలు, ఒక ఆంప్లిఫయరు, ఒక టేప్‌రికార్డరు, అట్టపెట్టె నిండా క్యాసెట్లు, అంతే ఆస్తి. పెళ్ళయినా, శ్రీరామనవమి పందిరయినా, చావయినా ఊళ్ళో మోగేది మా సెట్టే.

1991లో పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. వేసవిలో ఒకే రోజు రెండు బుకింగులు పడ్డాయి. నాన్న పెళ్ళికి వెళుతూ గృహప్రవేశానికి నన్ను పంపాడు. "ముందు ఘంటసాల గారి నమో వెంకటేశ వెయ్యి, తర్వాత సన్నాయి క్యాసెట్ పెట్టు, ఇంక దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి. రాత్రే వెళ్ళి కొబ్బరిచెట్టుకి గొట్టం కట్టి, వాళ్ళ పాతింటి అరుగు మీద పడుకున్నాను.

లేచేసరికి కరెంటు లేదు. సెట్టు బ్యాటరీకి తగిలించి, చీకట్లో తడుముకుని ఒక క్యాసెట్ పెట్టాను. దాని మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది. ఘంటసాల గొంతే వచ్చింది. హమ్మయ్య అనుకుని కాఫీ కోసం వంటవాళ్ళ దగ్గరికి పోయాను.

కొత్తింట్లో పాలు పొంగుతున్నాయి. చెట్టు మీద గొట్టంలోంచి మాత్రం, పుట్టినవాడికి మరణం తప్పదు, దానికి ఏడవడం తగదు అని ఘంటసాల తాపీగా అర్థం చెబుతున్నారు. నేను పెట్టింది భగవద్గీత.

నాకేమీ తప్పనిపించలేదు, అదీ దేవుడిదే కదా! పది నిమిషాల్లో వీధి చివరి నుంచి ఒక పెద్దాయన భుజం మీద తువ్వాలేసుకుని, మొహం వేలాడేసుకుని వచ్చారు. ఇంటాయన చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి "ఎప్పుడండీ? రాత్రేనా?" అన్నారు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు. ముగ్గురూ గృహప్రవేశానికి పిలిచినవాళ్ళే. ఆ గొంతు వినగానే పిలుపు సంగతే మర్చిపోయారు. ఆ ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారు ఆర్నెల్లుగా మంచం మీద ఉన్నారు మరి. అరుగు మీద నులకమంచంలోంచి ఆవిడే "నేనింకా ఉన్నాన్రా. ఎలాగూ వచ్చావుగా, పాలు తాగి వెళ్ళు" అన్నారు.

ఇంటాయనకి మాత్రం నవ్వు రాలేదు. మాట్లాడుకున్న డబ్బుల్లో యాభై కోసేశారు.

ఇప్పుడు ఆలోచించండి. గీతలో కృష్ణుడు చెప్పేది లేచి యుద్ధం చెయ్యమని. శవాన్ని లేపేటప్పుడు పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయారు, ఆయన పాడిన గీత రికార్డు ఆ తర్వాతే బయటికొచ్చింది. అదొక కారణం అనుకోవచ్చు. అసలు కారణం మాత్రం మా నాన్నలాంటి వాళ్ళే. చావింటికి పిలిస్తే ఏం వేస్తారు? సినిమా పాట వేస్తే తంతారు. సన్నాయి వేస్తే పెళ్ళనుకుంటారు. చేతిలో ఉన్నది గీత. అలా పదేళ్ళు వేశారు, ఊరి చెవికి అలవాటైపోయింది. నవమి పందిట్లో వేసే "సీతారాముల కళ్యాణం చూతము రారండి" సంగతీ అంతే. అది 1961 నాటి సినిమా పాట. మా పెద్దమ్మ మాత్రం త్యాగరాజు కీర్తనేనని పోయేదాకా వాదించింది.

మాటలూ ఇంతే. మాయాబజార్‌లో పింగళి నాగేంద్రరావు రాక్షసుల నోట గిల్పం, గింబళి, అసమదీయులు (మనవాళ్ళు), తసమదీయులు (అవతలివాళ్ళు) అనిపించారు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా వస్తాయని ఘటోత్కచుడు వీరతాడు కూడా వేయించాడు. నేనొప్పుకోను. పుట్టించడం ఒక్కటే చాలితే గిల్పం ఎందుకు బతకలేదు? మంచాన్ని ఎవరూ గిల్పం అనడంలేదు. తసమదీయులకి రాజకీయాల్లో రోజూ పని పడింది కాబట్టి అది బతికింది. ఇప్పుడు పేపర్లవాళ్ళు దాన్ని తస్మదీయులని సంస్కృతంలా దిద్ది మరీ రాస్తున్నారు. 1982లో నాలుగు స్తంభాలాట సినిమా వచ్చాక సుత్తి అన్న మాట ఎంత పాకిందంటే, అందులో హాస్యనటులు వీరభద్రరావు గారికీ వేలు గారికీ అదే ఇంటిపేరైపోయింది. బోరు కొట్టేవాడు ప్రతి ఊళ్ళో ఉన్నాడు, వాడికో పేరు కావాల్సొచ్చింది, దొరికింది.

ఇక సెల్‌ఫోనుకి పెట్టిన పేరు చరవాణి. ఏళ్ళ తరబడి పేపర్లో చూస్తున్నాను. "చరవాణి ఛార్జింగు పెట్టు" అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, మా ఆంప్లిఫయరు రాసిచ్చేస్తాను.

ఇప్పటి డీజేలతో ఆ కాస్తా పోయింది. వినాయకుడి ఊరేగింపులో గుండె అదురుతుంది తప్ప ఒక్క ముక్క వినిపించదు. మాట వినిపిస్తే కదా నోటికెక్కేది! రీల్స్ పాటలంటారా, వినాయకుడి పందిట్లో విన్నది దసరాకి ఎవడికీ గుర్తుండదు.

ఆ మామ్మగారు ఇంకో తొమ్మిదేళ్ళు బతికారు. పోయినప్పుడు మైక్‌సెట్ మాదే, క్యాసెట్టూ అదే. కాకపోతే గృహప్రవేశం గొడవయిన రోజు సాయంత్రమే నాన్న దాని మీద తెల్లకాగితం అంటించి, నాలాంటివాడికి చీకట్లో కూడా కనబడేలా ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాశాడు. భగవద్గీత అని కాదు. చావు అని.