జూన్‌లో చూసిన ఒంటె వేరు, జనవరిలో చూసిన ఒంటె వేరు

"లడఖ్‌లోని నుబ్రా లోయలో మేం చూసిన రెండు మూపురాల ఒంటెలకి బొచ్చంతా ఊడిపోయి జబ్బుపడినట్టున్నాయి. అవి మైనస్ చలిలో ఎలా బతుకుతాయి? అక్కడివాళ్లకి వాటివల్ల ఏం లాభం?" అని అడిగారు.

మీరు ఎండాకాలంలో వెళ్లుంటారు. రోడ్డు పనుల ఉద్యోగం మీద లడఖ్‌లో ఉన్నప్పుడు నేను వాటిని రెండు కాలాల్లోనూ చూశాను. రెండూ ఒకే జంతువంటే నమ్మబుద్ధి కాదు. వేసవి మొదట్లో వాటి ఊలు పొరలు పొరలుగా ఊడి వేలాడుతుంది. జబ్బు కాదు, ఏటా జరిగేదే. చలి ముదిరేలోపు మళ్లీ మందంగా పెరుగుతుంది.

జనవరిలో ఓ పొద్దున హుండర్ ఇసుకదిబ్బల దగ్గర మంద పడుకుని ఉంది. రాత్రి పడిన మంచు వాటి వీపుల మీద కరక్కుండా అలాగే ఉంది. అంటే ఒంట్లో వేడి ఆ ఊలు దాటి బయటికి రావడం లేదన్నమాట. మూతి దగ్గర మాత్రం ఊపిరి తగిలి వెంట్రుకలు గడ్డకట్టి, చిన్న చిన్న ఐసు పుల్లలు వేలాడుతున్నాయి. ఒకటి లేచి నిలబడితే రొమ్ము మీద, మోకాళ్ల దగ్గర కాయలు కాసిన దళసరి చర్మం కనిపించింది. నేల చల్లదనం పైకి ఎక్కకుండా పడుకునేది దాని ఆసరాతోనే.

మూపురాల్లో నీళ్లుంటాయని మనకి చిన్నప్పటినుంచీ చెబుతారు గానీ, ఉండేది కొవ్వు. చలికాలం ముందు గట్టిగా నిలబడే మూపురాలు, మేత లేని నెలలు గడిచేసరికి మెత్తబడి ఓ పక్కకి వాలిపోతాయి. మందలో ఏది చిక్కిపోయిందో దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ కొవ్వు ఒళ్లంతా పరుచుకోకుండా ఒక్కచోటే ఉండటం వల్ల ఎండాకాలంలో ఒంటి వేడి బయటికి పోతుంది. ఇవే ఒంటెలుండే మంగోలియా గోబీ ఎడారిలో చలికాలం మైనస్ 40కి పడిపోయి, వేసవిలో 40 డిగ్రీలు దాటినా తట్టుకోవడానికి అదీ ఓ కారణం. దాహానికి మంచు తింటాయి, అదీ కొంచెం కొంచెంగానే. ఒకేసారి తింటే దాన్ని కరిగించడానికే ఒంట్లో వేడి ఖర్చయిపోతుంది కదా. ఇక తిండి సంగతి చెప్పక్కర్లేదు. నుబ్రాలో సీబక్‌థార్న్ ముళ్లపొదలు చెయ్యి పెడితే గీరుకుపోతాయి, ఇవి వాటిని హాయిగా నమిలేస్తాయి.

లాభం సంగతికొస్తే, ఇవి అసలు అక్కడికి వచ్చిందే బరువులు మోయడానికి. లేహ్‌కీ చైనా వైపున్న యార్కండ్‌కీ మధ్య కారకోరం కనుమ మీదుగా బిడారు వ్యాపారం నడిచేది. 1949 తర్వాత చైనా వైపు దారి మూసుకుపోయింది, వ్యాపారం ఆగింది, ఒంటెలు ఇటు మిగిలిపోయాయి. చాలాకాలం వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. టూరిస్టులు రావడం మొదలయ్యాక రైడ్ల పుణ్యమా అని మళ్లీ విలువ వచ్చింది. సైన్యం కోసం కూడా లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) ల్యాబు వీటితో ట్రయల్స్ చేసింది. 17,000 అడుగుల ఎత్తులో 170 కిలోల దాకా మోస్తాయని తేలింది. అక్కడి గుర్రాలు మోసేది అందులో సగం కూడా ఉండదు. నన్నడిగితే, ఇసుకలో ఫొటోల కోసం తిప్పడం కన్నా ఇదే వాటికి తగిన పని.

మంగోలియాలో వీటితో అనుబంధం ఇంకా ఎక్కువ. పాలు, ఊలు, మాంసం, పొయ్యిలోకి పేడ, మకాం మార్చేటప్పుడు గుడారం మోత, అన్నీ ఇవే. తల్లి ఒంటె పిల్లని దగ్గరికి రానివ్వకపోతే పక్కన కూర్చుని పాటపాడి మచ్చిక చేస్తారు. ఆ ఆచారాన్ని 2015లో యునెస్కో జాబితాలో చేర్చారు. గోబీలో మిగిలిన అడవి ఒంటెలు మాత్రం వేరే జాతి, దాదాపు వెయ్యే ఉంటాయని అంచనా. ఉప్పునీళ్లు తాగి కూడా బతకగలవు.

ఈసారి వెళ్తే చలికాలంలో వెళ్లండి. రైడ్ ఎక్కితే ఒక మాట: ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ల మీద లేస్తుంది, మీరు ముందుకి తూలిపోతారు. కాబట్టి లేచేముందే కాస్త వెనక్కి వాలి కూర్చోండి. పట్టు కోసం మూపురం మీది వెంట్రుకలు లాగకండి, దానికి నొప్పి.