అత్త నిజంగా పడిపోయిందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా మేనత్తకు డెబ్బై దాటాయి, పిల్లల్లేరు. మామ పోయాక, చూసుకుంటాడు కదా అని ఇల్లు మరిది కొడుకు పేరున గిఫ్ట్ డీడ్ రాసేసింది. అతనికి రొయ్యల గుంటలున్నాయి, డబ్బుకు లోటేం లేదు. ఈమధ్య వెళ్తే అత్త బాగా చిక్కిపోయి ఉంది, జబ్బల మీద కమిలిన మచ్చలు, అడిగితే బాత్రూంలో పడ్డానంటోంది. ఫోన్ చేస్తే కోడలే ఎత్తి పడుకుందని చెబుతుంది. పింఛను సంగతి అడిగితే అత్త మాట మార్చేసింది. టెన్షన్‌గా ఉంది, కానీ వాళ్లింటి విషయంలో మేం తలదూర్చవచ్చా?
– ఓ మేనకోడలు

జవాబు: దూర్చాలమ్మా. ఆమె నోరు తెరిచి చెప్పేదాకా ఆగితే ఎప్పటికీ చెప్పదు, మీరు బస్సెక్కి వచ్చేశాక రాత్రికి ముద్ద పెట్టాల్సింది వాళ్లే కదా.

పడిపోతే మామూలుగా మోకాళ్లు, మోచేతులు దెబ్బతింటాయి. జబ్బల లోపలివైపు వేళ్ల అచ్చుల్లా మచ్చలుంటే ఎవరో గట్టిగా పట్టి గుంజారేమోనని అనుమానించాలి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లకు చిన్న తాకిడికే చర్మం కమిలిపోతుంది, కాబట్టి ఒక్క మచ్చ చూసి ఎవరినీ నిందించకూడదు. మీ అత్త విషయంలో నాకు భయమేసేది మచ్చలు, చిక్కిపోవడం, ఫోన్ అందనివ్వకపోవడం, పింఛను జాడ లేకపోవడం, అన్నీ ఒక్కచోటే కనబడుతున్నందుకు.

ఈసారి వెళ్తే ఆమె మాత్రల షీటు చూడండి, ఎప్పుడు కొన్నారో ఎన్ని మిగిలాయో లెక్క కుదరకపోతే మందులు సరిగ్గా అందడం లేదన్నమాట. గుడికనో కళ్ల డాక్టరుకనో బయటికి తీసుకెళ్లి ఒంటరిగా మాట్లాడండి. 'కొడుతున్నారా' అని అడగొద్దు, 'రాత్రి ఏం తిన్నావత్తా, పింఛను డబ్బు ఎవరి దగ్గరుంటోంది, ఇంట్లో ఎవరన్నా కసురుకుంటున్నారా' అని మెల్లగా అడగండి. ఆ అబ్బాయిని మాత్రం అప్పుడే నిలదీయొద్దు, ఆ కోపం ఆమె మీదే తీర్చుకుంటాడు. దెబ్బలు తాజాగా ఉంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించి రాయించుకోండి, ప్రాణభయముంటే వెంటనే 112కి ఫోన్ చేయండి.

ఇక ఇల్లు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, అరవై నిండి పిల్లల్లేని మనిషి ఆస్తి చేతిలో పెట్టుకున్న వారసుడికి ఆమెను పోషించే బాధ్యత ఉంది. ఈ చట్టం కింద అర్జీలు విని తేల్చే ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గరే ఉంటుంది, లాయరు అక్కర్లేదు, అత్త ఒప్పుకుంటే ఆమె తరఫున మీరే అర్జీ పెట్టొచ్చు. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ నకలు తీసుకోండి. చూసుకోవాలన్న షరతు అందులో ఉండి, వాళ్లు చూడకపోతే డీడ్ రద్దు చేయించవచ్చు. షరతు లేకపోతే కేసు కష్టమే గానీ, అతను విడిగా ఏదైనా హామీ రాసిచ్చాడేమో వెతకండి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు అలాంటి కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఇలా ఆస్తి రాసిద్దామనుకునే పెద్దలెవరైనా ఇది చదువుతుంటే, ఆ షరతు రాయించనిదే సంతకం పెట్టకండి.

దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, ఉచితం. అర్జీ పెట్టే ముందే అత్తను మీ ఇంటికి తెచ్చుకోండి, నోటీసు వాళ్లకు అందే రోజున ఆమె ఆ ఇంట్లో ఉండకూడదు.